ఎడమ స్కీ చప్పుడు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే. గడ్డకట్టిన సముద్రం మీద, మనిషి అలికిడి లేని చోట, మంచు బండి ముందు కాలు విరిగిపోయి, దాని మీద వెళ్ళిన నా మనిషి బండి వదిలి నడక మొదలుపెట్టడం. బండి చెడినంత మాత్రాన ఎవరూ చావరు. నడక మొదలుపెడితేనే చస్తారు. "బండి దగ్గరే ఉండు" అని మా పిల్లలకి మాటలు రాకముందే చెప్తాం. అయినా నడుస్తారు. మా చిన్నాన్న నడిచాడు. వేసవిలో మంచు కరిగాక ఆయన బూటు ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు.

నా పేరు సియాసి. ఇరవై ఏళ్ళు. ఉత్తరాన, సముద్రం గడ్డకట్టే చోట మా ఊరు. బడి తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. అమ్మకి జబ్బు చేసింది, ఇంట్లో ఒక మనిషి కావాల్సి వచ్చింది. అమ్మ పోయాక మళ్ళీ వెళ్దామనుకునేలోపు పాప కడుపులో పడింది. అందుకే నాకు రాయడం చేతకాదు, మాట్లాడినట్టే రాసుకుపోతున్నాను.

పాపకి పది నెలలు. పేరు మియాజి, మా అమ్మ పేరే. మా దగ్గర పేరు పెడితే పేరొక్కటే రాదు, మనిషి కూడా వస్తుంది. నేను దాన్ని "అమ్మా" అంటే అది ముద్దుమాట కాదు, అది నాకు అమ్మే. మా నాన్న కాలింగో రోజూ పొద్దున్నే వచ్చి, బూట్ల మంచు దులుపుకుంటూ, నా వీపు మీద ఉన్న దాన్నే ముందు పలకరిస్తాడు.

"ఏమే ఇల్లాలా, ఇంకా టీ పెట్టలేదా? నేనున్నప్పుడు ఇంత బద్ధకం లేదే నీకు!"

అది బోసినోటితో నవ్వుతుంది. ఆయన వేలు పట్టుకుని వదలదు. నిజంగా మా అమ్మ కూడా అంతే, ఆయన్ని వేలు పట్టుకునే నడిపించింది నలభై ఏళ్ళు.

ఇప్పుడు బండి సంగతి చెప్పాలి.

నా మొగుడు మాకుసి సీల్ వేటకి, చేపలకి వెళ్ళేది ఒక్క బండి మీదే. పసుపు రంగుది, పాతది. మొన్న శీతాకాలంలో దాని ముందు స్కీలు, మంచు మీద జారే పలకలు, రెండూ ఊగడం మొదలుపెట్టాయి. స్కీని బండికి పట్టి ఉంచే ఇనప చేతులుంటాయి, ఆ చేతులు తిరిగే చోట బుష్‌లుంటాయి. చూడ్డానికి వేలి ఉంగరమంత నల్లటి గొట్టాలు. అవి అరిగితే ఇనుము ఇనుముతో కొట్టుకుంటుంది, బోల్టు కోసుకుపోతుంది, ఒకనాడు ఇనప చెయ్యి ఊడొస్తుంది. స్కీ కొస పట్టుకుని పైకెత్తి ఊపితే టక్ టక్ అనేది. ఆ టక్ నా గుండెలో అనేది. మాకుసి వెళ్ళిన ప్రతిసారీ కిటికీ దగ్గర నిలబడి టీ చల్లార్చుకునేదాన్ని.

కొత్తవి తెప్పించాం. మంచుగాలులని, సరుకెక్కువైందని, విమానం ఏడు వారాలు తేలేదు. వచ్చిన రోజు ఆ పొట్లం నేను పాపని ఎత్తుకున్నట్టే ఎత్తుకొచ్చా.

బిగించింది నేనే. నాన్న పక్కనే కూర్చుని చెప్పాడు. మాకుసి ఉట్టి పానాలందించాడు. బండి పొట్ట కింద చెక్కపెట్టె దోపి ముందు భాగం లేపాం. పాత బుష్‌లు గుల్లగుల్లగా రాలిపోయాయి, నల్లటి పొడి. కొత్తది పెట్టబోతే దూరలేదు. సుత్తి తీసుకున్నా.

"ఆగు ఆగు ఆగు!" అన్నాడు నాన్న. "కొడితే పగులుద్ది. బలంతో చేసే పని కాదే ఇది. చలిని అడుగు, అదే చేసిపెడుద్ది."

ఎనిమిది బుష్‌లూ గిన్నెలో వేసి గంటసేపు బయట మంచులో పెట్టించాడు. ఈలోపు ఇనప చేతిని వేడి చెయ్యాలి. వేడినీళ్ళు పోస్తే గడ్డకడతాయని నా హెయిర్ డ్రయ్యర్ తెమ్మన్నాడు. నేను ఇనుముకి వేడిగాలి పడుతుంటే మాకుసి గొణిగాడు.

"నా కాళ్ళు కొయ్యబారాయన్నప్పుడు ఎప్పుడైనా పట్టావా అది?"

"నీ కాళ్ళకి బుష్‌లు అరగలేదుగా అల్లుడూ," అన్నాడు నాన్న.

చలికి ముడుచుకున్న బుష్, వేడికి సాగిన గొట్టం. బొటనవేలితో నొక్కితే జారిపోయింది లోపలికి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. స్కీ ఊపి చూస్తే చప్పుడు లేదు. నాన్న నా నెత్తి మీద చెయ్యేసి, "ఇక పడుకో హాయిగా," అన్నాడు. ఆ నెల నేను నిజంగానే హాయిగా పడుకున్నా. అది గుర్తొస్తేనే ఇప్పుడు ఎక్కువ మండుతోంది.

మార్చిలో అకినీసి వచ్చింది. అకినీసి నాకు అక్క. పుట్టగానే అమ్మానాన్నలు దాన్ని అఖాతం అవతలి ఊరు తసిరాలుక్‌లో ఉన్న అమ్మ వేలువిడిచిన చెల్లెలికి ఇచ్చేశారు. ఆవిడకి పిల్లల్లేరు. మాలో అది మామూలే, తప్పుగా అనుకోం. ఇచ్చినా కన్నవాళ్ళు ఎవరో అందరికీ తెలుసు, దాచుకోం. కానీ నాన్న అక్కని చూసినప్పుడల్లా ఒక రకంగా ఐపోతాడు. టీలో చక్కెర మూడుసార్లు వేస్తాడు.

చర్చి కూటాలకని ఇద్దరు పిల్లల్ని వెనక లాగే బల్లబండిలో కట్టేసుకుని, ఒక్కతే అఖాతం దాటి వచ్చింది. నూట యాభై కిలోమీటర్లు, మధ్యలో ఒక్క గుడిసె. దాని బండి మా బండి లాంటిదే, ముందు కాళ్ళు రెండిటికీ ఒకటే కొలత. ఎడమ స్కీ ఊగుతోందని రాగానే చెప్పింది. నాన్న చూశాడు. నేను కూడా చూశా, "అమ్మో అక్కా, దీని మీదా వచ్చావు!" అని దాని చేతులు పట్టుకున్నా. వారం రోజులు మా ఇంట్లోనే తిన్నారు. నా చేతిరొట్టె దానికి ఎంత నచ్చిందో. పాపని ఒళ్ళో వేసుకుని, నా వైపు చూపిస్తూ, "అమ్మా, నన్నిచ్చేసి దీన్ని ఉంచుకున్నావేం?" అని నవ్వింది. అందరం నవ్వాం. నాన్న నవ్వలేదు.

అది వెళ్ళడానికి ముందు రోజు నాన్న మా బండి అడిగాడు. "టీకి మంచినీళ్ళ గడ్డ తెచ్చిస్తా, చెరువు దాకా వెళ్ళొస్తా," అన్నాడు. ఆయన బండి ఇంజను పాడైంది, శరదృతువు నుంచి కదలట్లేదు. ఇవ్వకపోవడం ఏముంది? పొద్దున తీసుకెళ్ళాడు, సాయంత్రం తెచ్చాడు. గాజులాంటి గడ్డ రెండు బకెట్ల నిండా తెచ్చాడు. ఆ నీళ్ళతో పెట్టిన టీ అందరం తాగాం. మర్నాడు అకినీసి వెళ్ళిపోయింది. క్షేమంగా చేరింది.

ఆ తర్వాత వారానికి మేం ముగ్గురం చెరువుకి చేపలకి వెళ్ళాం. పాప నా వీపు మీద, కోటు టోపీలో పడుకుని ఉంది. ఒడ్డు దాటేచోట మంచు గట్టొకటి ఉంటుంది. దాని మీద ఎక్కేటప్పుడు బండి ఎడమకి లాగింది. ఎవరో ముక్కుతాడు పట్టి గుంజినట్టు. మాకుసి ఆపుకున్నాడు గానీ నేను మోకాళ్ళ మీద పడ్డా, పాప తల టోపీలోంచి వచ్చి సీటు ఇనుముకి తగిలింది. నుదుటి మీద గుడ్డంత బొప్పి.

అప్పుడే విన్నా. టక్.

"బుష్‌లు," అన్నా.

"కొత్తవేగా, నువ్వే పెట్టావుగా," అన్నాడు మాకుసి.

"టక్ అంది."

"నీ చెవుల్లో ఉందది సియా."

ఇంటికొచ్చాక స్కీ ఊపా. కొంచెం ఉంది, చాలా కొంచెం. నాన్నని పిలిచా. ఆయన ముందు పాప నుదురు చూశాడు. "ఏమే ఇల్లాలా, ఎవరు కొట్టారే నిన్ను?" అన్నాడు. తర్వాత స్కీ దగ్గర కూర్చున్నాడు. ఊపాడు. చెవి పెట్టాడు. లేచి మోకాలి మంచు దులుపుకున్నాడు.

"నీ భయం చప్పుడు చేస్తోందే. బండి కాదు."

అంతే అన్నాడు. ఆ మాట ఊరంతా నన్ను అనే మాటే. నేను భయస్తురాలినని అందరికీ తెలుసు. పక్కింటి ఉలాయు మధ్యాహ్నం పూట ఊరి రేడియో నడుపుతుంది, ఆవిడైతే "సియాసి భయాలకి వేరే గంట కేటాయించాలర్రా" అని రేడియోలోనే ఆటపట్టిస్తుంది. నేనూ నవ్వుతా. నాన్న చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది అనుకున్నా. ఆ తర్వాత మాకుసి దాని మీదే మూడుసార్లు సముద్రం మీదకి వెళ్ళాడు. టక్ వినిపించిన ప్రతిసారీ, ఇది నా పిచ్చే, నా పిచ్చే అని నాకు నేను చెప్పుకున్నా. చంటిపిల్ల తల్లికి మతి నిలకడగా ఉండదంటారుగా, అదేనేమో అనుకున్నా. నర్సు దగ్గరికి కూడా వెళ్ళా. నిద్ర పట్టడానికి మాత్ర ఇస్తానంది, పాలిస్తున్నానని వద్దన్నా.

సోమవారం పొద్దున్న మాకుసి బడి దగ్గర మంచు తొయ్యడానికి వెళ్ళాడు. పాపని వీపున కట్టుకుని షెడ్డులోకి వెళ్ళా. నా పిచ్చో కాదో తేల్చుకుందామని. చెక్కపెట్టె దోపా, నట్టు విప్పా, బోల్టు లాగా. ఎడమ వైపు కింది ఇనప చెయ్యి. బుష్ దానంతటదే రెండు ముక్కలై నా అరచేతిలో పడింది.

పైపైన నల్లగా ఉంది. విరిగిన చోట తెల్లగా ఉంది.

కొంచెంసేపు అర్థం కాలేదు. గోటితో గీకా. నలుపు ఊడింది, దీపం మసి, సీల్ నూనె కలిపి పట్టించింది. వాసన కూడా అదే. లోపల సన్నటి రంధ్రాలు, ఎండిన ఎముక మూలుగులాగా. దుప్పి కొమ్ము. మా మంచునేల దుప్పి, కారిబూ కొమ్ముని కోసి, తొలిచి, అంచు తీర్చి, అచ్చం కొత్త బుష్‌లా చెక్కారు ఎవరో. ఎంత అందంగా ఉందో చెప్పలేను. గ్రీజు నిలవడానికి లోపల గాడి కూడా తీసి ఉంది. ఆ గాడి మొదట్లో మూడు చిన్న గాట్లు.

ఆ మూడు గాట్లు నాకు తెలుసు. నాన్న బలపం రాయితో ఏ బొమ్మ చేసినా, సీలైనా, ఎలుగుబంటైనా, అడుగున ముందు మూడు గాట్లు పెడతాడు. కత్తి పదును చూసుకోవడానికి. చిన్నప్పుడు నేనవి లెక్కపెట్టుకుంటూ ఆడుకున్నా.

ఎడమ వైపు మిగతా మూడూ విప్పా. మూడూ కొమ్ములే. ఒకటి అప్పటికే నెర్రె ఇచ్చింది. కుడివైపు నేను పెట్టినవి అలాగే ఉన్నాయి.

ముక్కలు జేబులో వేసుకుని నాన్న షెడ్డుకి నడిచా. ఆయన బొమ్మ రాయి అరగదీస్తున్నాడు, కనుబొమ్మల దాకా తెల్లటి దుమ్ము. బల్ల మీద ముక్కలు పెట్టా. చూశాడు. ఆకురాయి కింద పెట్టాడు.

"ఎలా తీశావ్?"

"అదే పడింది. నా బుష్‌లేవి నాన్నా?"

"అకినీసి బండిలో ఉన్నాయి."

అబద్ధం చెప్తాడేమో అనుకున్నా. చెప్పుంటే బావుండేదేమో. అంత తేలిగ్గా, ఉప్పు పక్కింట్లో ఉంది అన్నట్టు చెప్పాడు.

"ఈ కొమ్మువి దానికే పెట్టొచ్చుగా?"

"అదెంత దూరం వెళ్ళాలి! ఇద్దరు పిల్లల్తో, ఒక్కత్తే. మధ్యలో విరిగితే ఎవరున్నారు దానికి?"

"మరి నాకు?"

"నువ్వు దగ్గరున్నావు." ఆయన నా మొహం చూడలేదు. "చెడితే నేను చూసుకుంటాలే అనుకున్నా. కొమ్ము మంచిదే. ఇంకో నెల ఆగేది. ఈలోపు వేరేవి విమానంలో వచ్చేస్తాయి, ఎవరికీ తెలీకుండా మార్చేద్దామనుకున్నా."

"చెడింది. చూసుకున్నావా? పాప నుదురు చూశావు. స్కీ ఊపావు. నీ చేత్తో చేసింది నీ చెవికి తెలీదా? నీ భయం చప్పుడు చేస్తోందన్నావు! నేను నర్సు దగ్గరికెళ్ళా నాన్నా. నాకు మతి పోయిందేమో అని వెళ్ళా!"

ఆయన ముక్కల మీది మసి వేలితో తుడిచాడు.

"అడిగితే ఇచ్చేదాన్నిగా."

"ఇచ్చేదానివి కాదు," అన్నాడు నెమ్మదిగా. "పాప పుట్టాక నువ్వేదీ వదలవు సియా."

ఇచ్చేదాన్నో కాదో నాకిప్పటికీ తెలీదు. ఎన్నిసార్లు ఆలోచించినా తేలట్లేదు. బుష్‌లతో పాటు ఆ జవాబు కూడా ఆయనే తీసుకుపోయాడు.

"అమ్మనెక్కించావు దాని మీద. నీ పెళ్ళాన్ని."

"మియాజి అయితే ఇచ్చెయ్యమనేది. పోయేముందు కూడా అడిగింది, ఇచ్చేసిన దాన్ని ఒకసారి చూసుకోమని."

"అమ్మ ఇక్కడే ఉంది. అడుగు మరి. ఇదిగో!"

వీపు తిప్పి చూపించా. పాప నా అరుపుకి లేచి, ఆయన్ని చూసి చెయ్యి చాపింది, వేలు ఇమ్మని. ఆయన ఇవ్వలేదు. రాయి వైపు తిరిగిపోయాడు.

మాలో పెద్దవాళ్ళు అరవరు. అరిచినవాళ్ళు చిన్నపిల్లల కింద లెక్క, వాళ్ళ మాటకి విలువుండదు. కోపమొస్తే మాట్లాడ్డం మానేస్తాం, అంతే. నేనది కూడా చెయ్యలేదు. ఇంటికొచ్చి, సరిగ్గా మధ్యాహ్నం, ఊరి రేడియోకి ఫోన్ చేశా.

ఉలాయు అప్పుడే చెప్తోంది: "ఎవరిదో ఎడమ చేతి తొడుగు, ఎర్రది, దుకాణం మెట్ల మీద ఉంది, కుక్కలు తినకముందు తీసుకెళ్ళండి. రాత్రి బింగో లేదు, ఏడవకండి. ఆ, ఎవరమ్మా లైన్లో?"

"నేను సియాసిని."

"చెప్పమ్మా, ఇవాళ ఏం భయం?"

"నా బండి బుష్‌లు పోయాయి. ఎవరు తీశారో తెలిసింది. మా నాన్న కాలింగో తీసి, కొమ్ముతో దొంగవి చేసి పెట్టాడు. మావి మా అక్క అకినీసి బండికి పెట్టాడు. ఆయన చెప్పింది ఇంకెవరూ నమ్మకండి."

ప్రతి ఇంట్లో టీ కప్పులు గాల్లో ఆగిపోయుంటాయి.

"పాప బాగుందా సియాసీ?" అంది ఉలాయు చివరికి. మామూలు గొంతు కాదది. నేను పెట్టేశా. ఆవిడ ఒక కీర్తన వేసింది, అది అయ్యాక అదే మళ్ళీ వేసింది.

ఒక్కరు కూడా నాతో ఏమీ అనలేదు. మాకుసి వచ్చి బూట్లు విప్పి పొయ్యి పక్కన పెట్టాడు. "తప్పు ఆయనదే," అన్నాడు. "కానీ ఆయన పేరు అలా గాల్లోకి వదలకుండా ఉండాల్సింది." మా రేడియో ఇప్పుడు ఫోన్లలో కూడా వస్తుంది, అఖాతం అవతల కూడా వింటారు. ఆ సాయంత్రమే అకినీసి నుంచి ఒక్క సందేశం వచ్చింది. "నాన్న కొత్తవి కొన్నానన్నాడు. నాకు తెలీదు. ఊరందరి ముందు నన్ను దొంగని చేశావు. రేపు పిల్లల్తో మా వైపు పెద్ద చెరువు దగ్గర గుడారానికి పోతున్నా, ఫోన్లుండవు, హాయి." నేను పదిసార్లు చేశా. ఎత్తలేదు.

మంగళవారం పొద్దున్న పాపకి నీళ్ళు పోస్తున్నా, షెడ్డులోంచి ఇనప చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూశా. నాన్న. బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మాకుసి పానాలందిస్తున్నాడు. ఆ రోజు నేను బిగిస్తున్నప్పుడు అందించినట్టే, అంతే ఒబ్బిడిగా. అది చూసి నాకు రెండోసారి పొడిచినట్టయింది.

తర్వాత మాకుసి చెప్పాడు. నాన్న తెల్లవార్లూ కూర్చుని మళ్ళీ నాలుగు కొమ్ము బుష్‌లు చెక్కాడట. ఈసారి మసి పూయలేదట, తెల్లగానే ఉన్నాయట.

"నేను చేసిన వాటి మీద నేనే వెళ్తా అల్లుడూ. అకినీసి గుడారానికెళ్ళి సియా బుష్‌లు సియాకి తెచ్చిస్తా."

"మావయ్యా, వేరే బండి అడిగి తెస్తా. గాలి కూడా తిరిగేలా ఉంది."

"వేరే బండి మీద వెళ్తే ఇంకేముంది!"

"సియాతో ఒక మాట చెప్పి..."

"అది చెప్పాల్సింది చెప్పేసిందిగా. ఊరందరికీ."

మావయ్యకి అడ్డం చెప్పడం మాకుసికి చేతకాదు. పైగా నాన్న గుడిసె దాకా ఎన్నోసార్లు వెళ్ళొచ్చిన మనిషి. బండి బయటికి తీశాక నాన్న మా ఇంటి వైపు చూశాడు. నేను కిటికీలో ఉన్నానని తెలుసు. తువ్వాల్లో చుట్టిన పాప నా చంకలో ఉంది. ఆయన చెయ్యెత్తాడు, దానికి. నాకు కాదు. నేను పాప చెయ్యి పట్టుకుని ఊపొచ్చు. ఊపలేదు. ఆయన వెళ్ళిపోయాడు. ఎడమ స్కీ చప్పుడు వినిపిస్తుందేమో అని చెవి రిక్కించా, ఇంజను మోతలో ఏమీ తెలీలేదు.

బుధవారం గాలి లేచింది. రెండు రోజులు ఎదురింటి గోడ కనపడలేదు. గుడారాల్లో ఉండేవాళ్ళు సాయంత్రం ఆరింటికి రెండువైపులా మాట్లాడుకునే పొడుగు తీగ రేడియోలో పలుకుతారు, అందరూ ఉన్నామని చెప్పుకోవడానికి. బుధవారం అకినీసి పలకలేదు. గురువారం పలకలేదు. మిగతా గుడారాలవాళ్ళకీ దాని గుడారానికీ మధ్య కొండ ఉంది, ఈ గాలిలో ఎవరూ వెళ్ళి చూడలేదట. బ్యాటరీ అయిపోయుంటుందని ఉలాయు అంది. అలిగిందేమో అని మాకుసి అన్నాడు. మాలో అలిగినా మాట్లాడం. నాన్న అక్కడికి చేరి, ఇద్దరూ కలిసి నా మీద అలిగి, టీలో మూడుసార్లు చక్కెర వేసుకు తాగుతూ, రేడియో ఆపేసి కూర్చుని ఉండొచ్చు. అలాగే ఉండాలని కోరుకుంటున్నా. నన్ను తిట్టుకుంటూ ఉన్నా సరే.

ఇవాళ పొద్దున గాలి కాస్త తగ్గగానే మాకుసి, ఇంకో ఇద్దరు, అడిగి తీసుకున్న బండ్ల మీద వెళ్ళారు. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చారు. మాకుసి కనురెప్పల మీద మంచు పూర్తిగా కరక్కముందే చెప్పమన్నా.

నాన్న గుడిసె దాకా చేరాడు. అందులో ఒక రాత్రి ఉన్నాడు. పొయ్యి మీద టీ గిన్నె ఉంది, అడుగున ఆకు గడ్డకట్టి ఉంది. బల్ల మీద తెల్లటి పొడి.

"ఏం పొడి?"

"కొమ్ము పొడి. ఆకురాయితో రాసినట్టుంది. కింద ఒక కొమ్ము బుష్ విరిగి పడుంది." ఇంకా ఏదో ఉంది మాకుసి మొహంలో. గుంజి గుంజి అడిగా. "గుడిసె వెనక, గాలి తగలని చోట జాడ నిలిచింది. కుడి గీత సన్నగా ఉంది. ఎడమది వెడల్పుగా ఉంది, ఈడ్చుకుపోయినట్టు. అటు తసిరాలుక్ వైపే. తర్వాత మంచు కప్పేసింది."

అక్కణ్ణుంచి కొంచెం ముందుకి మంచు పగిలి నీళ్ళు తేలాయట. దాటలేక తిరిగొచ్చారు. ఆ పగులు ఆయన వెళ్ళాక వచ్చిందో ముందే ఉందో ఎవరికీ తెలీదు. "చేరే ఉంటాడు," అన్నారు వచ్చిన ఇద్దరూ. "కాలింగో బండి వదిలి నడిచే మనిషి కాదు," అన్నారు. మా చిన్నాన్నని కూడా అలాగే అన్నారు. వాతావరణం బాగుంటే రేపు వెతకడానికి విమానం పంపుతామని పెద్ద ఊరి ఆఫీసువాళ్ళు చెప్పారు. బాగుంటే.

నేను ఆయన్ని క్షమించలేదు. ఇది రాస్తున్నది అందుకు కాదు. నా పాప తల ఇనుముకి తగిలాక కూడా నా కళ్ళలోకి చూసి నీదే పిచ్చి అన్న మనిషి ఆయన. దగ్గరున్న కూతురంటే అంత లోకువ. ఆ మాట ఆయన బతికున్నన్నాళ్ళూ అడుగుతా. అడగాలంటే ఆయన ఉండాలి.

తసిరాలుక్ నుంచి మీ వైపు పెద్ద చెరువుకి చేపలకి వెళ్ళేవాళ్ళెవరైనా ఫోన్లో ఇది చదువుతుంటే, ఒక్క సాయం చెయ్యండి. కొండ అవతల, చెరువు సన్నబడే చోట తెల్ల గుడారం ఉంటుంది, పైన నీలం అతుకు. అది మా అక్క అకినీసిది. దాని దగ్గర పసుపు బండి ఉందేమో చూడండి. ఉంటే లోపలికి వెళ్ళండి. ఆయన పొట్టిగా ఉంటాడు, కనుబొమ్మల్లో రాతి దుమ్ము పోదు. బాగున్నానంటాడు, నమ్మకండి, బూట్లు విప్పించి కాళ్ళ వేళ్ళు చూడండి. పసుపు బండి లేకపోతే, గుడారం నుంచి సముద్రం వైపు ఒడ్డంట కొంచెం దూరం వెళ్ళి చూడండి, ఎడమ గీత వెడల్పుగా ఉన్న జాడ ఏదైనా కనపడుతుందేమో. అక్కనీ పిల్లల్నీ కూడా ఒకసారి పలకరించండి. నేను పంపానని చెప్పొద్దు. చూసింది చూసినట్టు ఆరింటికి రేడియోలో చెప్పండి, మేం వింటూ ఉంటాం.